వంటింటికి కూడా సెలవులే అనుకోండి

(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

స్కూళ్ళు మూసిన దగ్గర్నుంచి మీ దగ్గర్నుంచి వస్తున్న ప్రశ్నలు చూస్తుంటే ఈసారి చాలామంది ఊరు కదలట్లేదని అర్థమైంది. డబ్బులు సరిపోక కొందరు, లీవు దొరక్క కొందరు, ఇంట్లో పెద్దవాళ్ళని వదిలి వెళ్ళలేక కొందరు. అందుకే ఈ నెల పేజీ మొత్తం బెజవాడ, గుంటూరు వాళ్ళకే ఇచ్చేశాను.

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. మా ఆయన ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో చేస్తారు, మే నెలలో నాలుగంటే నాలుగు రోజులు సెలవు దొరికింది. పాపకి పదకొండేళ్ళు, బాబుకి ఆరు. మా పక్క పోర్షన్ వాళ్ళు ఊటీ, ఎదురింటి వాళ్ళు అరకు వెళ్తున్నారు. మా వాడు రోజూ "అమ్మా మనం ఏ ఊరెళ్తున్నాం" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలీక లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంటున్నా. అన్నీ కలిపి ఐదు వేలు దాటకూడదు. ఊళ్ళోనే ఉండి పిల్లలకి సెలవులు అనిపించేలా చెయ్యగలమా? (ఓ చెల్లెలు, సింగ్ నగర్)

జవాబు: చెల్లీ, ముందు ఆ కళ్ళు తుడుచుకోవడం ఆపమ్మా. ఆరేళ్ళ పిల్లాడికి ఊటీ ఎంత దూరమో, అరకు ఎంత ఎత్తో తెలీదు, వాడికి కావాల్సింది నాన్న నాలుగు రోజులు షాపుకెళ్ళకుండా వాడితో ఉండటం, అది నీ దగ్గర ఆల్రెడీ ఉంది. మేమూ ఓ ఏడాది అప్పు చేసి మరీ ప్యాకేజీ టూరుకెళ్ళాం, సగం రోజులు బస్సులోనే అయిపోయాయి, పిల్లలకి వాంతులు, తిరిగొచ్చాక ఆరు నెలలు ఆ అప్పు కట్టుకుంటూ కూర్చున్నాం. ఇప్పుడు మా పెద్దాడిని ఆ టూరులో ఏం గుర్తుందిరా అని అడిగితే బస్సు కిటికీ అద్దం పగిలిపోయి ఉండటం అంటాడు.

ఊళ్ళో ఉండి సెలవులు గడుపుదాం అనుకున్నవాళ్ళలో చాలామందికి అది కుదరదు, ఎందుకో నేను మా ఇంట్లోనే చూశా. డబ్బు తక్కువై కాదు, రోజు మారదు కాబట్టి. పొద్దున లేవగానే టిఫిను, తర్వాత వంట, తర్వాత గిన్నెలు, మధ్యలో "అమ్మా ఆకలి", సాయంత్రం మళ్ళీ పొయ్యి, అందరూ ఇంట్లో ఉన్నారు కాబట్టి మామూలు రోజులకన్నా పని డబుల్, ఇంక ఆ ఇంట్లో ఎవరికి సెలవు? అమ్మ మొహం మాడిపోయి ఉంటే పిల్లలకి కూడా పండగలా ఉండదు. కాబట్టి నీ ఐదు వేల్లో మొదటి భాగం వంటింటికి తాళం వెయ్యడానికి పక్కన పెట్టెయ్. నిజంగా చెప్తున్నా, బోటు టికెట్ కన్నా ఇది ముందు.

ఎలాగంటే, ఆ నాలుగు రోజులూ పొద్దున టిఫిను బయటిదే. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద వెన్న వేయించుకుని తినండి, లేదంటే మీ సందు చివర బండి మీద ఇడ్లీ, పునుగులు తెచ్చుకోండి, రెండూ మంచివే. మధ్యాహ్నం అన్నం ఒక్కటి వండు, కర్రీ పాయింట్ నుంచి ఓ పప్పు, ఓ వేపుడు తెప్పించు, పెరుగు, కొత్త ఆవకాయ ఎలాగూ ఉంటాయి. గిన్నెలు మీ ఆయనా, పాపా కడగాలి, ఇది ముందురోజే అందర్నీ కూర్చోబెట్టి చెప్పెయ్. రాత్రికి పెరుగన్నం, మామిడిపండు. ఈ సీజన్లో నూజివీడు రసాలు మన ఊళ్ళో దొరికినంత బాగా ఇంకెక్కడా దొరకవు. ఊటీ వెళ్ళినవాళ్ళకి ఆ పళ్ళు ఎక్కడివి! బకెట్ నీళ్ళలో ఓ గంట నానబెట్టి, డాబా మీద చాపేసి, పిల్లల్ని బనియన్ల మీద కూర్చోబెట్టి, పండు మెత్తగా పిసికి తొడిమ దగ్గర కొరికి జుర్రుకోమను, బట్టలు పాడైపోతాయి అని ఆ ఒక్క రోజు అనకు.

రెండో సంగతి, మన ఎండ. మే నెలలో బెజవాడలో పదకొండింటి నుంచి ఐదింటి దాకా టైం మనది కాదు, ఎండది, దానికి వదిలెయ్యాలి. రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయని మన పెద్దాళ్ళు ఊరికే అనలేదు. చాలామంది తొమ్మిదింటికి లేచి, తిని, పదకొండింటికి బయల్దేరి, ఒంటిగంటకి పిల్లాడు సొమ్మసిల్లి పడిపోయాక "ఈ ఊళ్ళో చూడ్డానికి ఏం లేదు" అంటారు. ఐదింటికి లేవండి. పదకొండింటికల్లా ఇంట్లో ఉండండి. మళ్ళీ ఐదున్నర తర్వాత గడప దాటండి. మధ్యలో నిద్ర, కేరమ్ బోర్డు, వైకుంఠపాళి, కిటికీలకి తడి దుప్పటి కట్టుకుని కబుర్లు. కుండలో నీళ్ళు, మజ్జిగలో కాస్త ఉప్పు, కరివేపాకు, అల్లం. ఇంతే.

ఇంక తిరగడం సంగతి. మొదటి రోజు పొద్దున్నే ప్రకాశం బ్యారేజి మీదకి వెళ్ళండి. రోజూ దాని పక్కనుంచే పోతాం కానీ ఆగి చూసినవాళ్ళం ఎంతమందిమి? పిల్లలకి చెప్పు, 1855కి అక్కడ ఆనకట్ట కట్టారు, దాదాపు వందేళ్ళు పనిచేసి 1952లో తెగిపోయింది, అప్పుడు ఈ బ్యారేజి కట్టి 1957లో తెరిచారు, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. పొడవు 1,223 మీటర్లు, బాబు చేత అడుగులు లెక్కపెట్టించు, మధ్యలో లెక్క తప్పుతాడు, మళ్ళీ మొదలుపెడతాడు, అటు చివరికి వచ్చేసరికి ఆకలేస్తుంది. అక్కడ్నుంచి ఉండవల్లి గుహలు దగ్గరే, టికెట్ కౌంటర్ తెరిచే టైముకి అక్కడుండండి, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి టికెట్టే లేదు. కొండని నాలుగు అంతస్తులుగా తొలిచారు, లోపల ఒకే రాతిలో చెక్కిన అనంత పద్మనాభస్వామి పడుకుని ఉంటాడు, ఆ చీకట్లో కాసేపు నిలబడితే కళ్ళు అలవాటు పడి మెల్లగా విగ్రహం మొత్తం కనిపిస్తుంది, పాపకి అది చూపించు. పై అంతస్తులో బయటికి చూస్తూ కూర్చున్న మునుల బొమ్మల దగ్గర ఫోటోలు బాగా వస్తాయి.

బస్సు ఖర్చు గురించి భయపడకు. స్త్రీ శక్తి పథకం వచ్చాక, అంటే 2025 ఆగస్టు 15 నుంచి, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా, నీకూ పాపకీ జీరో టికెట్టే, ఆధార్ కార్డులు మాత్రం బ్యాగులో పెట్టుకో. ఇంక కట్టాల్సింది మీ ఆయనకీ బాబుకే.

నన్నడిగితే మీ నాలుగు రోజుల్లో అసలైన రోజు కొండపల్లి. ఓ ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ. మనింట్లో బొమ్మల కొలువులో దశావతారాలు, అంబారీ ఏనుగు పెట్టుకుంటాం కానీ అవి ఎలా పుడతాయో పిల్లలకి చూపించం. అక్కడ బొమ్మలు చేసే వీధిలో ఇళ్ళ ముందే కూర్చుని పని చేస్తుంటారు. తెల్ల పొణికి అనే చెక్క, చేత్తో పట్టుకుంటే అస్సలు బరువుండదు, దాన్ని ముందు సన్నటి సెగ మీద ఆరబెడతారు, తర్వాత ఒంటికి ఒక ముక్క, చేతులకి ఒక ముక్క, తలకి ఒక ముక్క విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు, ఆరాక నున్నగా రుద్ది సున్నం పూసి అప్పుడు రంగులు. ఇదంతా ఒకే మనిషి ఒకే పూటలో చెయ్యడు, ఇంట్లో ఒకళ్ళు చెక్కుతుంటే ఇంకొకళ్ళు రంగేస్తుంటారు. మా అమ్మాయి చిన్నప్పుడు తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మకి ఆకులు అతికిస్తుంటే అరగంట కదలకుండా చూసింది, టీవీ ముందు కూడా అంతసేపు కుదురుగా కూర్చున్న పిల్ల కాదు. వాళ్ళ పనికి అడ్డం రాకుండా, అడిగి చూడండి, చూసినందుకు ఓ చిన్న బొమ్మైనా వాళ్ళ దగ్గరే కొనండి, ఇద్దరు పిల్లలకీ చెరొకటి, బేరం గట్టిగా ఆడకండి. కొండ మీద కోట కూడా ఉంది, 14వ శతాబ్దం నాటిది, కానీ ఎండెక్కాక కోట ఎక్కొద్దు. పొద్దున్నే వెళ్ళి బొమ్మలు చూసుకుని పదింటికి బస్సెక్కెయ్యండి.

ఇంకో సాయంత్రం పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి బోటు. 133 ఎకరాల లంక, చెట్లున్నాయి, పిల్లలు పరిగెత్తడానికి చోటుంది. వెళ్ళే ముందు బోట్లు తిరుగుతున్నాయా, ఆఖరి బోటు ఎన్నింటికి అని కనుక్కో, లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎవర్నీ కూర్చోనివ్వకు. డబ్బులు సరిపోవనిపిస్తే బోటు మానేసి స్వరాజ్ మైదానంలో అంబేద్కర్ గారి విగ్రహం దగ్గరికి వెళ్ళండి, విగ్రహమే 125 అడుగులు, కింద పీఠం ఇంకో 81, రాత్రి లైట్లలో తల పైకెత్తి చూస్తే పిల్లలకి నోట మాట రాదు.

ఇంక నాలుగో రోజు ఏం చెయ్యాలో పిల్లల్నే చెప్పమను. మూడొందలు పాప చేతిలో పెట్టి, ఈ రోజు మనందరికీ ఖర్చు నువ్వే పెట్టాలి అను. వాళ్ళు బీసెంట్ రోడ్డులో తిరిగి చెవిపోగులు, బెలూన్లు కొంటారో, చెరుకు రసం తాగుతారో వాళ్ళిష్టం, మీరిద్దరూ వెనకాల నడవండి.

లెక్క చూసుకుంటే టిఫిన్లు, కూరలకి రెండు వేలు, బస్సులు, ఆటోలు, టికెట్లకి వెయ్యి, బొమ్మలకి ఐదొందలు, బోటుకి ఓ ఎనిమిదొందలు అనుకో, పాప చేతిలో మూడొందలు, ఇంకా నాలుగొందలు మిగిలాయి, వాటితో మామిడిపళ్ళు కొను. ఇంకోటమ్మా, ఆ నాలుగు రోజులు పక్క పోర్షన్ వాళ్ళ వాట్సాప్ స్టేటస్‌లు చూడకు.

ప్రశ్న: మేడం గారూ, నేను గుంటూరు పట్టాభిపురంలో ఉండే రిటైర్డ్ టీచర్ని, వయసు 66. బెంగళూరు నుంచి మనవరాలు పది రోజులకి వస్తోంది, పన్నెండేళ్ళు. కిందటేడు వచ్చినప్పుడు రెండో రోజుకే "తాతయ్యా బోర్" అంది, మిగతా రోజులన్నీ ఫోన్‌లోనే. మేమిద్దరం ఎక్కువ తిరగలేం, పెన్షన్ డబ్బులే. ఉప్పలపాడు పక్షుల్ని చూపిద్దామా అని ఓ ఆలోచన. ఏం చెయ్యమంటారు?

జవాబు: మాస్టారూ నమస్కారం. పది రోజులు రోజూ బయటికి తిప్పాలని పెట్టుకోకండి, మీకు మోకాళ్ళ నొప్పులు మిగులుతాయి. రెండే రెండు ప్రయాణాలు చాలు. ఒకటి అమరావతి. పొద్దున్నే వెళ్ళి అమరేశ్వరస్వామి దర్శనం చేసుకుని, మహాస్తూపం చోటు చూసి, మ్యూజియంలో పాలరాయి లాంటి ఆ సున్నపురాతి శిల్పాలు చూపించి ఎండెక్కకముందే బయల్దేరండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. మీరు చెప్పే కథతో చూస్తే ఆ రాళ్ళు ఆ పిల్లకి వేరేగా కనిపిస్తాయి, గైడు అక్కర్లేదు. ఇక్కడి శిల్పాలు చాలా వరకు చెన్నై మ్యూజియంలో, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని చెప్పండి, ఎందుకు తీసుకెళ్ళారు తాతయ్యా అని తనే అడుగుతుంది.

రెండోది మంగళగిరి. దిగువ గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు 1807 నుంచి 1809 మధ్యలో కట్టించింది, తల వెనక్కి వాల్చి అంతస్తులు లెక్కపెట్టమనండి. పైన పానకాల స్వామికి బిందెతో పానకం పోయిస్తే సగం తాగి సగం మనకి వదిలేస్తాడని మన నమ్మకం, అంత బెల్లం ఒలికినా అక్కడ చీమ కనబడదంటారు, పన్నెండేళ్ళ పిల్ల అది కళ్ళారా చూసుకోవాలనుకుంటుంది, వెతకనివ్వండి. మెట్లు మీరు ఎక్కొద్దు, రోడ్డు ఉంది, ఆటో పైదాకా వెళ్తుంది. ఉప్పలపాడు పక్షుల గురించి కూడా మీరు రాశారు కానీ పక్షులు నిండుగా ఉండేది చలికాలంలో, దాన్ని సంక్రాంతి సెలవులకి దాచుకోండి.

మిగతా ఎనిమిది రోజులు ఇంట్లోనే. "ఫోన్ పక్కన పెట్టు" అని మాత్రం అనకండి, ఫోన్‌తోనే పని చెప్పండి. అమ్మమ్మ ఆవకాయ పెట్టేది మొత్తం వీడియో తియ్యమనండి, రైతుబజార్‌లో కాయ ఏరడం దగ్గర్నుంచి, ముక్కలు కొట్టించడం, టెంక లోపలి జీడి తీసి ముక్క తడి లేకుండా తుడవడం, ఆవపిండి, ఉప్పు, కారం పాళ్ళు కలపడం, మూడో రోజు తిరగేసి కలపడం దాకా. ముక్కలు తుడిచే పని ఆ పిల్లకే ఇవ్వండి. ఇది నేను మా అమ్మతో చేయలేకపోయాను మాస్టారూ. ఆవిడ పాళ్ళు ఆవిడతోనే పోయాయి, ఇప్పటికీ ప్రతి ఏప్రిల్‌లో జాడీ ముందు కూర్చుని ఉప్పు ఎంత వేసేదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. మీ మనవరాలి ఫోన్‌లో ఆ గొంతుతో సహా ఉండిపోతే అంతకన్నా ఏం కావాలి.

సాయంత్రాలు బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర అన్నమయ్య గ్రంథాలయానికి తీసుకెళ్ళండి, పాత తెలుగు పత్రికలు చూపించండి. మీరు పని చేసిన స్కూలు దగ్గరైతే ఓ రోజు అక్కడికి కూడా, మీరు పాఠం చెప్పిన గది ఇదీ అని చూపించండి.

ప్రశ్న: పెళ్ళయి రెండేళ్ళయింది, ఇద్దరం జాబ్ చేస్తాం. ఊళ్ళోనే ఓ హోటల్లో ఒక రాత్రి రూం తీసుకుని ఉందాం అంటే మా అత్తగారు "సొంత ఇల్లుండగా డబ్బులు దండగ" అంటున్నారు. నిజంగా దండగేనా? (బెంజ్ సర్కిల్ దగ్గర్నుంచి)

జవాబు: దండగ కాదమ్మా, కాకపోతే అడగాల్సినవి అడిగి తీసుకోండి. శని, ఆదివారాలు వదిలేసి మామూలు రోజుల్లో చూడండి, రేటు తగ్గుతుంది. చెకిన్ టైం ఎన్నింటికి, బ్రేక్‌ఫాస్ట్ కలిపా విడిగానా, స్విమ్మింగ్ పూల్ ఉంటే ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, ట్యాక్స్ కలిపి మొత్తం ఎంత, ఇవన్నీ ఫోన్‌లోనే తేల్చుకోండి. నది కనబడే రూం కావాలంటే భవానీపురం వైపు టూరిజం వాళ్ళ బెర్మ్ పార్క్ ఉంది, పొద్దున్నే కృష్ణ ఒడ్డున టీ తాగొచ్చు. అత్తగారి మాటకి ఎదురు చెప్పొద్దు, వచ్చే నెల ఆవిడనీ మామగారినీ ఓ పూట బయట భోజనానికి తీసుకెళ్ళండి, అన్నీ సర్దుకుంటాయి.

ప్రశ్న: ఏసీ కొనే స్తోమత లేదు, పై అంతస్తు, రాత్రి నిద్ర పట్టట్లేదు, ఇంట్లోనే ఉండి సెలవులు అంటే మాకు శిక్షలా ఉంది. (వన్ టౌన్)

జవాబు: అర్థమైంది తమ్ముడూ, మీ బాధ నిజం, స్లాబు పగలంతా వేడి తాగి రాత్రి మన మీద కక్కుతుంది. ఓనర్ ఒప్పుకుంటే స్లాబు పైన తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి, ఖర్చు తక్కువ, వేడి కొంత వెనక్కి తిరిగిపోతుంది కాబట్టి లోపల తేడా తెలుస్తుంది. పగలు ఎండ వైపు కిటికీలు మూసి బయటి నుంచి గోనెపట్టా కట్టండి, లోపలి కర్టెన్ కన్నా బయట కట్టిందే ఎక్కువ ఆపుతుంది. సాయంత్రం ఆరు దాటాక అన్నీ బార్లా తెరిచి, ఓ టేబుల్ ఫ్యాన్ కిటికీలో బయటి వైపుకి తిప్పి పెట్టండి, లోపలి వేడి గాలిని అది బయటికి తోస్తుంది.

అన్నిటికన్నా డాబా. నేను పెరిగింది సత్యనారాయణపురంలో, అప్పుడు అక్కడ రైలు పట్టాలుండేవి. సాయంత్రం ఐదున్నరకి పిల్లలందరం బకెట్లతో డాబా మీద నీళ్ళు చల్లేవాళ్ళం, మొదటి బకెట్‌కి పొగ లేచేది, ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తొమ్మిదింటికి బొంతలు వేస్తే చల్లగా ఉండేవి, నాన్నగారు చుక్కల్లో సప్తర్షులు చూపించేవారు, గూడ్సు బండి పోతుంటే పెట్టెలు లెక్కపెడుతూ నిద్రపోయేవాళ్ళం. నీళ్ళు కరువైన చోట బకెట్ల కొద్దీ పొయ్యమనను, బట్టలు ఉతికిన ఆఖరి నీళ్ళు చాలు. దోమతెర కట్టుకోండి, పిట్టగోడ ఎత్తు తక్కువైతే పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకోండి.

ప్రశ్న: మా పిల్లలు కృష్ణలో ఈత కొడతామని గొడవ చేస్తున్నారు. మే నెలలో నీళ్ళు తక్కువే కదా, ఉదయం పూట తీసుకెళ్ళొచ్చా?

జవాబు: వద్దు. బతిమాలి చెప్తున్నా, వద్దు. పైకి మోకాలి లోతు కనిపిస్తుంది, పక్క అడుగులో ఇసుక తవ్విన గుంట ఉంటుంది, అక్కడ ఈత వచ్చినవాళ్ళు కూడా మునిగిపోతారు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఏదైనా సరే, నీళ్ళు కొద్దిగా ఉన్నాయనిపించినా దిగనివ్వకండి. ఈ సెలవుల్లోనే మన ఊళ్ళో తల్లులు ఘాట్ల దగ్గర కూర్చుని ఏడవడం చూస్తుంటాం, అది ఏ ఇంటికీ రాకూడదు. ఈత నేర్పించాలని ఉంటే కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో నెల రోజులు చేర్చండి, పొద్దున బ్యాచ్‌లో, చేర్చే ముందు మీరే ఓసారి వెళ్ళి పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ కోచ్ గట్టు మీద ఉంటున్నాడా లేదా చూసి రండి. పుష్కర ఘాట్ దగ్గర చెంబుతో తల మీద పోసుకుంటామంటే సరే, మీరు చెయ్యి పట్టుకుని పై మెట్టు మీదే నిలబెట్టండి.